అడుగకయే వచ్చు అక్షరము

గృహమునందు మనము నిత్యము అనుభవించు సౌకర్యములలో పెక్కు మనము కోరి తెచ్చుకొన్నవి కావు. వంటయింటిలో ఉప్పు జాడీ ఏ అరలో నుండవలయునో ఎవరో ఎప్పుడో నిర్ణయించిరి. దీపము లేనివేళ సైతము చేయి అక్కడికే పోవును. ఇంటివారిలో ఒకరు సదుద్దేశముతో ఆ జాడీని మరియొక అరకు మార్చి, పాత చోట పంచదార డబ్బా నుంచిరనుకొందము. క్రొత్త ఏర్పాటు పాతదానికంటె మేలైనదే కావచ్చును. ఐనను ఆ రాత్రి చారు తియ్యనగును. జాడీని మార్చుట నేరము కాదు. జాడీ మారినదని చెప్పవలసిన ఒక్క మాట చెప్పబడలేదు. కీడంతయు అందుండి పుట్టినది.

ఇట్లు ఎవరును కోరకయే అమరియుండు ఏర్పాటును కంప్యూటరు విద్యలో డిఫాల్టు అందురు. సాఫ్ట్‌వేరును తెలుగు చేయు ఉత్సాహవంతులు దీనికి ‘అప్రమేయము’ అను పేరు పెట్టిరి. పేరు గంభీరముగ నున్నను వస్తువు సామాన్యమైనది. మన ఫోనులో తెలుగు ఏ రూపమున కనబడవలయునో, పంక్తికి పంక్తికి నడుమ ఎంత యెడ ముండవలయునో మనమెవ్వరమును చెప్పలేదు. అది తానే వచ్చినది. అడుగకయే వచ్చిన దానిని గూర్చి ఎవరును ఆలోచింపరు. అది మారిననాడే ఆలోచన పుట్టును. ఈ మార్పుల మంచిచెడ్డలను గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు చదువరుల యెదుట నుంచుచున్నాము. ఇది యంత్రజ్ఞులకు మాత్రమే చెందిన సంగతి యని కొందరందురు. ఇంటిలోని ఉత్తరములు, బిడ్డల పాఠములు, భూమి పత్రములు, పెండ్లి పిలుపులు అన్నియు ఆ యంత్రముల మీదుగ నడచుచున్న యీ కాలమున అది గృహస్థుల సంగతియే యని మా మతము.

మేము కొండవీటి కొండ నీడను నివసించువారము. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడినది. అంతకు పూర్వము ఈ సీమ గుంటూరు జిల్లాలోనిది. అద్దంకినుండి అనవోతారెడ్డి తన రాజధానిని ఈ కొండకు మార్చెను. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథుడు విద్యాధికారిగ నుండెను. 1515లో కృష్ణదేవరాయలు ఈ దుర్గమును గైకొనెను. ఇచ్చటను, ఈ చుట్టుపట్లను శాసనములు కలవు. వానిని చదువ యత్నించిన వారికొక సంగతి తెలియును. అక్షరముల పోకడ నేటిది కాదు. ఎత్వ ఏత్వములకు హ్రస్వదీర్ఘ భేదము పాటింపనివి పెక్కు. చదువుట కష్టమే. కాని ఆ రాతి యందు అక్షరమును దాని రూపమును విడదీయరానివి. చెక్కినవాడు ఏ వంపు చెక్కెనో ఆ వంపే నేటికిని ఉన్నది. ఢిల్లీలోనో విదేశములోనో ఎవరో ఒక నిర్ణయము చేసినంతనే కొండవీటి శాసనములోని గుడి విరిగిపోదు.

కంప్యూటరులోని అక్షరము అట్టిది కాదు. దానికి తనదైన రూపమే లేదు. 1991లో వెలువడిన యూనికోడు ఏర్పాటులో మన క కారమునకు 3093 అను సంఖ్యయు, డ కారమునకు 3105 అను సంఖ్యయు లభించినవి. కొండవీడు అని మనము వ్రాసినప్పుడు యంత్రము ఎనిమిది సంఖ్యలను దాచుకొనును: క, ఒత్వము, సున్న, డ, వ, ఈత్వము, డ, ఉత్వము. అంతియే. ఆ సంఖ్యలు చూచువాని యంత్రమును చేరిన పిమ్మట అచ్చటి సాఫ్ట్‌వేరు ఒక ఫాంటు నుండి రూపములను అరువు తెచ్చి, ఏ గుర్తు ఏ యక్షరమునకు అతుకవలయునో, ఏ వత్తు ఎంత దిగువకు జారవలయునో నిర్ణయించి చూపును. వ్రాసినవాడు సంఖ్యలను మాత్రమే పంపెను. రూపమును చదువునప్పుడు మరియొకడు కూర్చెను. కావున ఆ కూర్చుపని మారినయెడల నేడు వ్రాయునవియే గాక నిన్న వ్రాసినవియు, పదేండ్ల క్రిందట వ్రాసినవియు ఒక్కసారిగ మారును. ఈ విషయమున రాతికిని తెరకును ఇంత భేదము కలదు.

ఈ కూర్పుపని చేయు సాధనసముదాయములను లైబ్రరీలందురు. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనమును స్థాపించిన ఆంధ్రదేశమునకు ఆ మాట మిగుల ప్రియమైనది; కాని యిచ్చట దాని యర్థము వేరు. ఇది పుస్తకముల ఇల్లు కాదు, పనిముట్ల కొట్టు. ఒకడు ఒక పనిముట్టును చేసి కొట్టులో నుంచును. వేలకొలది సాఫ్ట్‌వేరు నిర్మాతలు తమకు తాము అట్టిదానిని చేసికొనక, దానిని తెచ్చి తమ పనిలో అమర్చుకొందురు. ఆ పనిముట్టు మరియొక పనిముట్టుపై ఆధారపడియుండును. అది యింకొక దానిపై. కొండవీటి చాంతాడని మన వైపున సామెత గలదు. అంతులేని పొడవున్న దానిని అట్లందురు. సాఫ్ట్‌వేరు లైబ్రరీల వరుస అట్టి చాంతాడే. గట్టుపై నిలిచి నీరు చేదుకొను ఇల్లాలికి ఆ త్రాడును పేనినవాడెవడో తెలియదు. పేనినవానికి ఆ యిల్లాలు తెలియదు. నడుమ ఒక్క పురి సడలినను కడవ నూతిలో పడును.

ఇక ఉదాహరణములకు వత్తము. లెక్కపెట్టుట అతి సులభమని మనమనుకొందుము. కొండవీడు అను మాటలో అక్షరములెన్ని అని ఐదేండ్ల పిల్లవానిని అడిగినచో కొం, డ, వీ, డు అని వ్రేళ్లు ముడిచి నాలుగని చెప్పును. పైథాన్ అను కంప్యూటరు భాష ఉన్నది. దాని పాత తరమున ఈ మాటను సామాన్యముగ వ్రాసి నిడివి యెంత అని అడిగిన 24 అని చెప్పుచుండెను. ఏలయన అది అక్షరములను గాక వానిని దాచుటకు వలసిన తునకలను లెక్కించెడిది. యూనికోడును దాచు ప్రసిద్ధ పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి మూడు తునకలు వలయును. 2008 డిసెంబరులో వెలువడిన మూడవ తరమున ఆ డిఫాల్టు మారి, అదే ప్రశ్నకు 8 అను సమాధానము వచ్చెను. మార్పు న్యాయమైనదే. పాత లెక్క వలన ఇంగ్లీషు తప్ప తక్కిన భాషలన్నియు అవమానము పొందుచుండెను. ఇరువది తునకలకు మించరాదని కట్టడి చేసిన పట్టికలో శ్రీనాథుడు అను ముప్పది తునకల పేరు వ్రాసినచో, ఆరు గుర్తులు నిలిచి ఏడవది నడుమకు తెగి, చివర అర్థము లేని యొక గుర్తు కనబడెడిది. ఐనను ఆ న్యాయమైన మార్పునకు లోకము ఎంత మూల్యము చెల్లించెనో చూడుడు. పాత తరమునకు తోడ్పాటు 2020 జనవరి 1వ తేది వరకు నడుపవలసి వచ్చెను. పదునొకండు సంవత్సరములకు పైగా రెండు తరములును ప్రక్కప్రక్కన బ్రదికినవి. అక్షరమాల యొక్క లెక్క మార్చుటకు ఒక శిశువు బడిలో చేరి చదువు ముగించునంత కాలము పట్టినది.

ఆ ఎనిమిదియు పిల్లవాని నాలుగు కాదు. మనము అక్షరమనుకొను దానిని ముక్కలు చేయక ఒకటిగ లెక్కించు నియమములు యూనికోడువారి వద్ద వేరుగ కలవు. కాని అందును ఒక లోపముండెను. శ్రీ అను సంయుక్తాక్షరమును ఆ నియమము శ్ అనియు రీ అనియు రెండుగ విడదీసెడిది. శ్రీనాథుడు అనగా మనకు నాలుగక్షరములు, యంత్రమునకు అయిదు. 2023లో వెలువడిన 15.1 సంపుటమున ఈ నియమమును సవరించి, దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపులలోని సంయుక్తాక్షరములను ఒకటిగ నెంచుటకు దారి చేసిరి. మన ఐదేండ్ల పిల్లవాడు గెలిచెను. మేము సంతోషించితిమి. సంతోషించుచునే ఒక శంక పొందితిమి. ఒక సంస్థ తన పుస్తకములలో ‘ఈ పద్యమున పండ్రెండవ యక్షరము వద్ద వ్యాఖ్యానము కలదు’ అని పాత లెక్కతో గుర్తులు పెట్టుకొనియుండును. లైబ్రరీ క్రొత్తదైన నాడు పండ్రెండవ యక్షరము వేరగును. వ్యాఖ్యానము వేరొక పదమునకు అతుకును. ఎవ్వరును తప్పు చేయలేదు, పద్యము మారలేదు, వ్యాఖ్యానము మారలేదు, లెక్క మాత్రము నిజమునకు దగ్గరయ్యెను. నిజమునకు దగ్గరయగు మార్పు సైతము పాత కట్టడములను కూల్చగలదని సంస్కర్తలు మరువరాదు.

లెక్క సంగతి కంటికి కానరాదు. కంటికి కనబడు సంగతి యొకటి చెప్పెదము. తెలుగు నిలువునను పెరుగు లిపి. ఇంగ్లీషు అక్షరము గీతపై నిలిచి కొంచెము పైకిని కొంచెము క్రిందికిని పోవును. మన యక్షరమునకు పైన గుడి, దీర్ఘము. క్రింద వత్తు, వత్తుపై మరియొక వత్తు. స్త్రీ అను నొక్క యక్షరమును చక్కగ వ్రాయుటకు రెండంతస్తుల ఇల్లు వలయును. ఫోనులు చేసినవారు మొదట ఇంగ్లీషు కొలతతో పంక్తి యెత్తును నిర్ణయించిరి. తెలుగు రూపములు ఆ ఫాంటులో లేవు గనుక వేరొక ఫాంటు నుండి అరువు తెచ్చెడివారు. అరువు వచ్చిన ఫాంటు ఎత్తు మాత్రము లెక్కలోనికి రాకుండెడిది. అందుచేత వత్తులు తెగకుండుటకై తెలుగును అణగద్రొక్కి కుదించిన ఫాంటును ఆండ్రాయిడులో డిఫాల్టుగ నుంచిరి. తలుపు పొట్టిది గనుక పొడవైన యతిథిని నడుము వంచి నడువుమనిరి.

2018లో వచ్చిన ఆండ్రాయిడు 9లో తలుపును ఎత్తు చేసిరి. అనగా అరువు ఫాంటు ఎత్తును బట్టి పంక్తి యెత్తు తానే పెరుగునట్లు డిఫాల్టును మార్చిరి. 2024లో వచ్చిన ఆండ్రాయిడు 15లో అతిథిని నిటారుగ నడువనిచ్చిరి. అరబిక్, లావో, మయన్మార్, తమిళము, గుజరాతీ, కన్నడము, మలయాళము, ఒడియా, తెలుగు, థాయి లిపులకు కుదించిన రూపమునకు బదులు సహజమైన నిలువు రూపము డిఫాల్టయ్యెను. తెలుగువారు దీనిని పండుగవలె ఎంచుట న్యాయము. కాని పాత కొలతకు సరిపోవునట్లు పెట్టెలు కట్టుకొన్న సాఫ్ట్‌వేరులు వేలకొలది కలవు. ‘సమర్పించు’ అను మీట యెత్తు ఇంతయే యని ఒకడు బిగించియుండును. క్రొత్త యక్షరము ఆ పెట్టెలో పట్టదు. ర్పి లోని గుడియో వత్తో గోడలో కలిసిపోవును.

ఈ చిక్కునకు వారు చేసిన యుపాయము మాకు మిక్కిలి నచ్చినది. ఆ మార్పు అందరిపై ఒక్కసారిగ పడలేదు. ప్రతి సాఫ్ట్‌వేరును తాను ఏ తరపు ఆండ్రాయిడును ఉద్దేశించి చేయబడెనో చెప్పుకొనును. పాత తరమును ఉద్దేశించినదానికి పాత మర్యాదయే జరుగును. క్రొత్త తరమును ఉద్దేశించితినని నిర్మాత తానై చెప్పిన పిమ్మటనే క్రొత్త డిఫాల్టు వర్తించును. అప్పటికిని ఇష్టము లేనివాడు ఒక మాట వ్రాసి పాత రూపమునే నిలుపుకొనుటకు వీలుంచిరి. 2025లో వచ్చిన ఆండ్రాయిడు 16ను ఉద్దేశించినవారికి ఆ వీలును తీసివేసిరి. ముందు చెప్పుట, గడువిచ్చుట, గడువు ముగియగనే తలుపు మూయుట: ఈ మూడును జరిగినవి. గడువు లేని సంస్కరణము సంస్కరణము కాదు. గడువొకటి యీయక చేయు సంస్కరణము దౌర్జన్యము.

ఇట్టి మర్యాద జరుగని చోట ఏమగునో మేము స్వయముగ చూచితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా యూరి పఠనమందిరము పక్షమున కొండవీటి చుట్టుపట్ల పల్లెలలోని స్త్రీలు పాడు జోలపాటలను, దంపుళ్ల పాటలను, నాట్ల పాటలను సేకరించితిమి. పాడిన యొక్కొక్కరి పేరును పాట క్రిందను, గ్రంథాంతమున అకారాది పట్టికలోను పుట సంఖ్యతో చేర్చితిమి. ఆ పని ముఖ్యమని మా యుద్దేశము. వారిలో పెక్కురి పేరు ఓటరు పట్టికలో తప్ప మరియెచ్చటను అచ్చు కాలేదు. వ్రాతప్రతి విండోసులోని గౌతమి యను ఫాంటులో కూర్పబడినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చి తెలుగు ఇండ్లలో పాతుకొనిపోయిన ఫాంటది. మేము పుటలన్నిటిని సరిచూచి, పట్టికను రెండుమారులు పోల్చి, ప్రతిని ఒక ముద్రణాలయమునకు పంపితిమి.

ఆ ముద్రణాలయమువారి కంప్యూటరు క్రొత్తది. 2012లో విండోస్ 8తో నిర్మల యను మరియొక ఫాంటు వచ్చినది. విండోస్ 10 నాటికి గౌతమి తానై రాక, కోరినవారు వేరుగ తెచ్చుకొనవలసిన యదనపు వస్తువయ్యెను. ఆ యంత్రమున గౌతమి లేదు. యంత్రము లేదని చెప్పలేదు; మరియొక ఫాంటును నిశ్శబ్దముగ పెట్టినది. అక్షరము వెడల్పు మారెను, పంక్తులు మారెను, పుటలు మారెను. 112 పుటల పుస్తకము 119 పుటలయ్యెను. పట్టికలోని సంఖ్యలు మాత్రము మేము వ్రాసినవే నిలిచెను. సరిచూచుటకు మాకు మరల ప్రతి పంపుదుమని యొప్పుకొన్న ఆ ముద్రణాలయమువారు పంపకయే అచ్చువేసిరి.

పుస్తకములు వచ్చిన నాడు డెబ్బది యేండ్లు దాటిన యొక యవ్వ తన మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమెకు చదువు రాదు. పిల్ల ఏడవ తరగతి చదువుచున్నది. పిల్ల పట్టికలో అవ్వ పేరును వెదకి, పుట సంఖ్య చూచి, ఆ పుట తెరచి చదువ నారంభించెను. రెండు పంక్తులు చదువునప్పటికి అవ్వ చేయెత్తి, “అది నా పాట గాదమ్మా, అవతలి యూరి వాళ్లది. నా పాట వెయ్యలేదు గామోసు” అనెను. ఆమె గొంతులో కోపము లేదు. అలవాటైన విషయమువలె అనెను. మేము పుటలు త్రిప్పి ఆమె పాటను చూపించితిమి. పిల్ల దానిని బిగ్గరగ చదివినది, అవ్వ వినినది. ఐనను చూపించుటకు మేము లేని యిండ్లలో ఎందరవ్వలు తమ పాట వేయలేదనుకొని పుస్తకమును మూసియుందురో చెప్పజాలము. ఒక ఫాంటు డిఫాల్టుల వరుసనుండి తప్పుకొనుట యనునది వార్తాపత్రికలో పడదగిన సంగతి కాదు. దాని ఫలము మాత్రము ఇంత దూరము వచ్చినది.

ఇందుకు మందు లేకపోలేదు. పీడీఎఫ్ అను రూపమున పత్రమును భద్రపరచునప్పుడు ఫాంటును సైతము అందే పొదిగి పంపవచ్చును. అప్పుడది రాతిశాసనము వంటిదగును. తన రూపమును తానే మోసికొనిపోవును. కాని శాసనమునకుండు కష్టము దానికిని ఉన్నది: సవరింప వీలు తక్కువ, వెదకుట కష్టము. రూపమును స్థిరపరచిన కొలది వాడుక కుంచించును. వాడుకను విస్తరించిన కొలది రూపము పరాధీనమగును.

ఈ పరాధీనతకు జంకి వెనుకటి కాలమే మేలనువారు కలరు. వెనుకటి కాలమును మేమెరుగుదుము. యూనికోడు వ్యాపింపక పూర్వము తెలుగు ఫాంటులు చేసిన ప్రతి సంస్థకును తనదే యొక సంఖ్యాక్రమము. ఒకరి 65 క యైన, మరియొకరి 65 కొమ్ము. భారత ప్రభుత్వపు ప్రమాణ సంస్థ 1991లో ఇస్కీ యను ఉమ్మడి క్రమము నిర్ణయించినను పత్రికలును ముద్రణాలయములును తమ తమ దారులనే పోయినవి. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ వ్రాతను తెరచిన తెలుగు కనబడదు. ఇంగ్లీషు గుర్తుల చెత్త కనబడును. పత్రికల పాత పుటలను చదువుటకై పద్మ యను పరివర్తన సాధనమును ఒక తెలుగు యుత్సాహి ఫైర్‌ఫాక్సునకు అమర్చవలసి వచ్చెను. ఎవరి చాంతాడు వారిదే యైననాడు పొరుగువాడు మన నూతి నీరు త్రాగజాలడు. కావున ఉమ్మడి లైబ్రరీలు మేలే. ఉమ్మడి నూయి గనుక బాధ్యత యెక్కువ.

ఆ బాధ్యత తప్పిన యొక ఘట్టము ప్రపంచమంతయు ఎరిగినది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులు ఒక తెలుగు అక్షరమును చూచి మూర్ఛిల్లినవి. జ్ఞ కారమునకును ఆకార దీర్ఘమునకును నడుమ కంటికి కానరాని యొక విభాజక చిహ్నము చేరినయెడల, అప్పటి ఐఓఎస్ 11.2.5లోని అక్షరకూర్పు లైబ్రరీ దానిని నడుపలేక ఆ సాఫ్ట్‌వేరునే కూల్చుచుండెను. సందేశము తెరచినవాని సందేశసాధనము కూలెను. ప్రకటనగ తెరపైకి వచ్చినచో ఫోనే నిలిచిపోయెను. కొంటెవారు దానిని అందరికి పంపి వినోదించిరి. ఆ నెల 19వ తేదిన 11.2.6 వెలువడి దోషము తొలగెను. జ్ఞానమను మాటకు మొదటి యక్షరము లోకమునకు హాస్యాస్పదమయ్యెనని మేము నొచ్చుకొంటిమి. కాని హాస్యమునకంటె విచారింపదగినది మరియొకటి కలదు: అట్టి కూర్పు రాగలదని తెలుగు తెలిసినవారి చేత ముందే పరీక్షింపజేసినచో ఆ దోషము గడప దాటెడిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున తెలుగు మాతృభాషగ గలవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది వ్రాయు లిపిని అరుదైన చిక్కుగ నెంచుట తగదు.

సంస్కరణము ఎట్లు జరుగవలయునో మన భాషాచరిత్రయే కొంత నేర్పినది. గ్రాంథికమున మహాగ్రంథములు వ్రాసిన వీరేశలింగము పంతులుగారు తమ చివరి సంవత్సరమగు 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకై జీవితము ధారపోసిరి. ఆ యుద్యమము గెలిచినది. గెలిచిన పిమ్మట పాత పుస్తకములను చదువరాకుండ చేయలేదు. నేటి బాలుడు బండి ఱ వ్రాయకున్నను, అరసున్న మరచినను, అక్షరమాలనుండి వానిని పెరికివేయలేదు. పాత ప్రతిని తెరచిన నాడు అవి అచ్చటనే యున్నవి. యూనికోడువారు సైతము ఒకసారి యిచ్చిన సంఖ్యను మరల తీసికొనరాదని కట్టడి చేసికొనిరి. పైగా పాతవానిని వెదకి చేర్చుచున్నారు. దంత్యములగు ౘ, ౙ లకు 2008లోను, ప్రాచీన ప్రతులలోని నకార పొల్లునకు 2021లోను చోటు లభించినది. చేర్చుట వలన కీడు స్వల్పము. ఉన్న యర్థమును మార్చుటయందే కీడున్నది.

అట్లని ఏదియు మార్చకుండుట ధర్మమని మేమనము. పాత పద్ధతిని ఎల్లకాలము మోయుట యొక ఋణము. దాని వడ్డీని క్రొత్తవారు చెల్లింతురు. ఐత్వమును చూడుడు. యూనికోడున దానిని ఒకే గుర్తుగను వ్రాయవచ్చును, ఎత్వమునకు క్రింది తోక చేర్చి రెండు గుర్తులుగను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే, సంఖ్యలు వేరు. వానిని సమానముగ నెంచు నియమము కలదు గాని, ఆ నియమమును పాటింపని సాధనమున కైలాసము అని వెదకినచో ఒక కైలాసము దొరకి మరియొకటి దొరకదు. పాతవారి సౌకర్యము కొరకు రెండు దారులు నిలిపినప్పుడెల్ల ఇట్టి సందొకటి మిగులును. దానిని మూయవలసిన దినమును నిర్ణయించుకొనవలయును.

మా యభిప్రాయమును క్లుప్తముగ చెప్పెదము. అక్షరములకు సంబంధించిన డిఫాల్టును మార్చువారు మార్పును ముందుగ, సామాన్యులకు తెలియు మాటలలో చాటవలయును. పాత తరమును నమ్మినవారికి పాత మర్యాదను కొంత కాలము నడుపవలయును. ఆ కాలమెంతయో మొదటనే చెప్పవలయును. లేనిదానికి బదులు వేరొకటి పెట్టినప్పుడు యంత్రము మౌనముగ నుండక, పెట్టితినని చెప్పవలయును. స్త్రీ, జ్ఞా, ర్త్స్య, కై మొదలగు కూర్పులతో తెలుగువారి చేతనే పరీక్షింపజేయవలయును. ఈ మాటలలో క్రొత్తదనము లేదు. ఉప్పు జాడీని కదిలించు ప్రతివారును ఎరుగవలసినవే.

చదువరులకును కర్తవ్యము కలదు. భూమి పత్రములు, వంశవృక్షములు, పెద్దల లేఖలు, ఇంటి పాటలు యంత్రములో నుంచువారు సవరించుటకు ఒక ప్రతిని, ఫాంటు పొదిగిన పీడీఎఫ్ ప్రతిని ఒకటి, కాగితముపై నొకటి ఉంచుకొనుడు. ముద్రణకు పంపునప్పుడు ఫాంటు పేరు వ్రాసి పంపుడు. అచ్చునకు ముందు తుదిప్రతిని చూపనిదే యొప్పుకొనకుడు. ఫోనులో తెలుగు వత్తు తెగి కనబడిననాడు “మన యక్షరమింతే, యంత్రమునకు పట్టదు” అని సరిపెట్టుకొనకుడు. ఆ తెరను చిత్రము తీసి, ఏ తరపు సాఫ్ట్‌వేరో వ్రాసి, చేసినవారికి పంపుడు. ఇంటిలోని ఆడపిల్లలకు ఈ పని నేర్పుడు. వారిలో కొందరు రేపు ఆ లైబ్రరీలనే వ్రాయుదురు. త్రాడు పేనువారిలో మన నూతి నీరు త్రాగినవారు నలుగురున్నచో, పురి సడలిన సంగతి కడవ మునుగక మునుపే తెలియును.